అణ్వాయుధ వైరి ఎదుట స్వతంత్ర దేశము

(హైదరాబాదు పాతబస్తీలో గ్రామీణ ప్రతినిధుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పొలము పనులను, పంచాయతీ వ్యవహారములను ఒక దినము ప్రక్కన బెట్టి, ఇంత దూరము వచ్చి, ఈ పాతనగరములో మీరు సమావేశమైనందులకు నా అభినందనములు. నన్ను మాటలాడుమని కోరిన విషయము చిన్నది కాదు. మనపై వైరము బూనిన రాజ్యము చేతిలో అణుబాంబు ఉన్నప్పుడు మన దేశము ఏమి చేయవలెను?

అది ఢిల్లీలోని పెద్దలు చూచుకొనవలసిన సంగతి, పల్లెలలో మనకేమి పని యని కొందరనవచ్చును. కాని బాంబునకు పల్లె, పట్నము అను భేదము లేదు. రక్షణ కొరకు వెచ్చించు ధనము మన పన్నుల నుండియే వచ్చును. సరిహద్దున నిలుచు జవాను మన ఇండ్ల నుండియే పోవును. కావున ఈ విషయమును గూర్చి ఆలోచించు హక్కును, బాధ్యతయు మనకు గలవు. అంతియే కాదు. ఈ ప్రశ్నకు మన దేశము వెదకిన సమాధానములో తెలుగునేలకు చాల భాగము గలదు. ఈ పాతబస్తీ చుట్టుప్రక్కలనే అందులకు సాక్ష్యములు కనిపించును.

గుంటూరులో జరిగిన చర్చ

1962 అక్టోబరు, నవంబరు మాసములలో చైనా సేనలు మన ఉత్తరపు సరిహద్దును దాటి వచ్చెను. ఆ గాయము మానక ముందే, 1964 మే 27న జవహర్‌లాల్ నెహ్రూ మరణించెను. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా బాధ్యత స్వీకరించి అయిదు మాసములైనను నిండలేదు. 1964 అక్టోబరు 16న చైనా తన లోప్‌నార్ ఎడారిలో తొలి అణుబాంబును ప్రేల్చెను. రెండేండ్ల క్రిందట మనతో యుద్ధము చేసిన పొరుగు రాజ్యము, ఇప్పుడు అణ్వాయుధముగల రాజ్యమయ్యెను. మన చేత ఆ ఆయుధము లేదు.

ఆ నవంబరులోనే అఖిల భారత కాంగ్రెసు సంఘము గుంటూరులో సమావేశమయ్యెను. మిరప, పొగాకు పండించు సీమలో, దేశమునకు ఎన్నడును ఎదురుకాని ప్రశ్న చర్చకు వచ్చెను. మనమును బాంబు చేయవలెనని కొందరు సభ్యులు గట్టిగా పట్టుబట్టిరి. శాస్త్రి అంగీకరింపలేదు. గాంధీజీ దేశము ఒక్క ప్రేలుడు విని తన మార్గమును మార్చుకొనరాదని ఆయన పక్షము. దేశములో దారిద్ర్యమును తొలగించు పని మిగిలి యుండగా ఆ ఖర్చు తలకెత్తుకొనుట యెట్లన్న చింతయు ఆయనకు గలదు.

ఆ ఖర్చు విషయము నాడే తీవ్ర వివాదమయ్యెను. అణుశక్తి సంఘాధ్యక్షుడు హోమీ భాభా 1964 అక్టోబరు 24న ఆకాశవాణిలో మాటలాడుచు, పదివేల టన్నుల మందుగుండుకు సమానమైన ఒక్క ప్రేలుడుకు పదునేడున్నర లక్షల రూపాయలు చాలునని అంచనా చెప్పెను. అది కేవలము ప్రేలుడు పదార్థపు లెక్క. బావి త్రవ్వుటకు అగు ఖర్చును లెక్కించి, మోటకు, ఎద్దులకు, కాలువకు అగు ఖర్చును మరచినచో నీరు పైరుకు చేరునా? బాంబును మోసికొనిపోవు సాధనము కావలెను. దానిని భద్రపరచు తావు కావలెను. ఆజ్ఞ ఎవరు ఇయ్యవలెనో, ఎవరు ఇయ్యరాదో నిర్ణయించు కట్టుబాటు కావలెను. ఇవి యన్నియు లేని బాంబు, రక్షణ కంటె అపాయమునే ఎక్కువగా తెచ్చును.

శాస్త్రి చేసిన నిర్ణయమును గమనింపుడు. ఆయన బాంబు వద్దనెను. కాని విద్యను వద్దనలేదు. శాంతి ప్రయోజనముల కొరకు అణు విస్ఫోటన పరిశోధన సాగుటకు సమ్మతించెను. భయముతో తొందరపడలేదు. అట్లని తలుపులన్నియు మూసికొనలేదు.

ఎరవు రక్షణకు చెల్లించిన మూల్యము

నాడు మూడవ మార్గమును గూర్చియు ఆలోచించిరి. బలవంతుడైన మరియొక రాజ్యము, "మీపై అణుబాంబు పడినచో మేము బదులు చెప్పెదము" అని హామీ ఇచ్చినచో మనకు బాంబు అక్కర యేమి? దీనినే అణు ఛత్రము, అనగా అణ్వాయుధపు గొడుగు, అందురు. 1964 డిసెంబరులో శాస్త్రి లండను నగరమునకు పోయినప్పుడు బ్రిటిషు ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఎదుట ఈ ప్రస్తావన చేసెను. మనకు నిలుకడయైన హామీ ఎచ్చటను లభింపలేదు.

ఎరవు రక్షణ యనగా నేమో తెలిసికొనుటకు మనము లండను పోనక్కరలేదు. ఈ సభాస్థలికి దగ్గరనే, చార్మినారు ప్రక్కన, మక్కా మసీదు ప్రాంగణములో నిజాము అలీఖాను సమాధి కలదు. ఆయన రెండవ అసఫ్‌జా. 1762 నుండి 1803 వరకు ఈ రాజ్యము నేలెను. ఒక ప్రక్క మహారాష్ట్రులు, మరియొక ప్రక్క మైసూరు టిపు సుల్తాను. ఇద్దరును బలవంతులు. ఆయన ఆంగ్లేయ కంపెనీతో స్నేహము చేసి టిపుపై యుద్ధములో వారికి తోడ్పడెను. తనకు ఆపద వచ్చినప్పుడు వారును తోడ్పడుదురని నమ్మెను. 1795లో ఖర్దా వద్ద మహారాష్ట్రులు ఆయనపై బడిరి. గవర్నరు జనరలు జాన్ షోర్ ఈ కలహమున జోక్యము కలిగించుకొనలేదు. నిజాము ఓడి, సొమ్మును, భూములను ఇచ్చుకొనవలసి వచ్చెను.

ఓడిన పిమ్మట ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను నమ్ముకొని తన సేనను పెంచెను. రేమండ్ ఫిరంగులు పోతపోయించిన తావును జనులు తోప్ కా సాంచా యనిరి. మూసీ కావలి ప్రక్క గన్‌ఫౌండ్రీ యని నేటికిని ఆ పేట పేరు వినిపించుచున్నది. కాని ఆ బలమును నడిపినది పరాయి సేనాని. 1798 మార్చిలో రేమండ్ మరణించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1న ఆంగ్లేయులతో సైన్య సహకార సంధి జరిగెను. ఆరువేల కంపెనీ సిపాయిలు హైదరాబాదు రక్షణకు వత్తురు. వారి పోషణకు నిజాము సాలీనా ఇరువది నాలుగు లక్షల రూపాయలకు పైగా చెల్లించును. ఫ్రెంచివారు నడపెడి సేనను రద్దు చేయవలెను. అక్టోబరులో ఆ సేన ఆయుధములు దించెను. అంతటితో నిజాము రక్షణ మొత్తము ఇంకొకరి చేతిలోనికి పోయెను.

మూల్యము ఎంతయైనది? 1800లో ఆ సేనల ఖర్చు క్రింద బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములు కంపెనీకి ధారపోయబడెను. అందువలననే వానికి దత్తమండలములను పేరు వచ్చెను. ఆ పేరులోని అవమానమును సహింపలేకయే మన పెద్దలు 1928లో రాయలసీమ అని పేరు మార్చుకొనిరి. 1853లో సైన్యపు బాకీ క్రింద పత్తి పండెడి బీరారు కూడ చేజారెను. కోటీ ప్రాంతమున ఎత్తైన స్తంభములతో రెసిడెన్సీ భవనము లేచెను. నేడది మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణములో నున్నది. అందు కాపురమున్న రెసిడెంటు మాట, దివాను నియామకములో సైతము చెల్లుచుండెను.

ఈ కథలో రెండు సంగతులు గలవు. 1795లో వాన వచ్చినప్పుడు ఎరవు గొడుగు విచ్చుకొనలేదు. 1798లో విచ్చుకొన్నది కాని, దానిని పట్టుకొన్న చేయి ఇల్లు కూడ పట్టుకొన్నది. నేడు జపాను వంటి దేశములు ఇతరుల అణు ఛత్రము క్రింద సుఖముగా బ్రతుకుచున్న మాట నిజమే. అది వారి చరిత్ర, వారి నిర్ణయము. అప్పటికి స్వాతంత్ర్యము వచ్చి పదునేడేండ్లు మాత్రమైన మన దేశము, రెసిడెన్సీ దినములను మరచి మరల అట్టి ఒడంబడికకు చేయి చాచుట ఎట్లు సాధ్యము?

మైత్రి వేరు, ఆశ్రయము వేరు. 1971 ఆగస్టు 9న మనము సోవియట్ యూనియనుతో మైత్రీ సంధి చేసికొంటిమి. ఆ డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధము జరుగుచుండగా అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ యను విమానవాహక నౌకను బంగాళాఖాతమునకు పంపెను. ఆ కష్టకాలమున మిత్రుని అండ మనకు ఉపకరించెను. కాని యుద్ధము చేసినది మన సేన. నిర్ణయము చేసినది మన ప్రభుత్వము.

పాతబస్తీకి రెండు ప్రక్కల

మరి మనము చేసిన దేమి? ఈ పాతబస్తీకి ఆగ్నేయమున కంచన్‌బాగ్, నైరృతమున రాజేంద్రనగరము కలవు. సమాధానము ఈ రెండు తావులలోను వెదకవలెను.

చైనా యుద్ధము జరిగిన 1962లోనే రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల ఢిల్లీ నుండి హైదరాబాదునకు తరలి వచ్చెను. 1963లో లోహ పరిశోధనశాల ఏర్పడెను. 1970లో భారత్ డైనమిక్స్ కర్మాగారము, 1973లో మిశ్రధాతు నిగమ్ స్థాపింపబడెను. క్షిపణి యనగా దూరము పోవు రాకెట్టు ఆయుధము. దాని గొట్టమునకు తగిన ఉక్కును ఇతర దేశములు మనకు అమ్మనినాడు దానిని మన లోహశాస్త్రజ్ఞులే ఇక్కడ సాధించిరి. 1982లో అబ్దుల్ కలాము ఈ ప్రయోగశాలకు అధిపతిగా వచ్చెను. 1983లో క్షిపణుల సమగ్ర కార్యక్రమము మొదలయ్యెను. 1989 మే 22న ఒడిశా తీరమున అగ్ని క్షిపణి తొలిసారి లేచెను. 2012 ఏప్రిల్ 19న అయిదువేల కిలోమీటర్ల దూరము పోగల అగ్ని-5 లేచెను. మన అణు పరీక్షలు 1974 మే 18న ఒకసారి, 1998 మే 11, 13 తేదీలలో మరల, పోఖ్రాన్‌లో జరిగెను. గుంటూరు చర్చ నుండి అణ్వాయుధ రాజ్యమని ప్రకటించుకొను వరకు ముప్పదినాలుగేండ్లు పట్టెను. స్వశక్తి యనునది ఒక్క ప్రేలుడుతో వచ్చునది కాదు.

ఇక రెండవ ప్రక్క చూతము. 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చినప్పుడు మన దేశము అమెరికా గోధుమపై ఆధారపడి యుండెను. యుద్ధముతో ఆ సహాయమునకు ఆటంకము కలిగెను. పిమ్మట నౌక నౌకకును ఆ దేశాధ్యక్షుని అనుమతికై ఎదురు చూడవలసి వచ్చెను. ఆకలితో నున్న దేశము ఎంతటి ఫిరంగి చేతనున్నను తల వంచవలసినదే. శాస్త్రి వారమునకు ఒక పూట భోజనము మానుడని ప్రజలను కోరెను. జై జవాన్, జై కిసాన్ అను నినాదము ఆ దినములలో పుట్టినదే. అదే 1965లో రాజేంద్రనగరమున అఖిల భారత వరి అభివృద్ధి పథకము ప్రారంభమయ్యెను. 1968లో అచ్చటినుండియే జయ అను పొట్టి వరి వంగడము వెలువడెను. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడెను. మన రైతులు చెమటోడ్చి ధాన్యాగారములు నింపిరి. 1998లో పరీక్షల పిమ్మట కొన్ని దేశములు మనపై ఆంక్షలు విధించినప్పుడు, ధాన్యము కొరకు మనము ఎవరి వాకిటను నిలువలేదు. కంచన్‌బాగ్ పనికి రాజేంద్రనగరము పని పునాది. మీలో పొలము దున్నెడి ప్రతి ఒక్కరును దేశరక్షణలో పాలుగొన్నవారే యని నేను పొగడ్తకు చెప్పుట లేదు. జరిగిన చరిత్ర చెప్పుచున్నాను.

చేతిలో నుండవలెను, చేయి అదుపులో నుండవలెను

శక్తి వచ్చిన పిమ్మట దానిని ఎట్లు పట్టుకొనవలెను? ఇది మరింత కఠినమైన ప్రశ్న. 1998 మే 28, 30 తేదీలలో పాకిస్తానును తన పరీక్షలు జరిపెను. అప్పటి నుండి మనకు అణ్వాయుధముగల పొరుగు రాజ్యములు రెండు. రెండింటితోను మనకు సరిహద్దు తగవులు కలవు.

1945 ఆగస్టు 6న హిరోషిమాపై పడిన బాంబు వలన ఆ సంవత్సరాంతమునకు సుమారు లక్షా నలుబదివేల మంది మరణించిరి. నేటి బాంబులు అంతకంటె పెద్దవి. వానితో యుద్ధమును గెలుచుట యనునది లేదు. శత్రువు వానిని ప్రయోగింపకుండ చేయుట ఒక్కటియే వాని పని. కావుననే మన ప్రభుత్వము అణ్వాయుధమును మొదట ప్రయోగింపమని ప్రతిజ్ఞ చేసెను. 2003 జనవరి 4న ఈ విధానము ప్రకటితమయ్యెను. ఆజ్ఞ ఇచ్చు అధికారము ప్రధాని అధ్యక్షతన గల రాజకీయ మండలికే యుండును. సేనాపతికి గాని, శాస్త్రజ్ఞునికి గాని ఆ అధికారము లేదు. ఓటుతో ఎన్నుకొనబడినవారే దానికి జవాబుదారులు.

పాకిస్తాను అట్టి ప్రతిజ్ఞ చేయలేదు, మనము మాత్రమేల చేయవలెను అని అడుగువారు గలరు. కాలమునుబట్టి ఈ విధానము మారవచ్చునని 2019లో రక్షణమంత్రియే పోఖ్రాన్‌లో పలికెను. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. కాని ఒక్కటి ఆలోచింపుడు. మన రెండు దేశముల నడుమ క్షిపణి పోవుటకు పట్టునది కొద్ది నిమిషములు. మనము మొదట కొట్టుదుమేమో యని ఎదుటివాడు నిత్యము భయపడుచుండినచో, ఒక పొరపాటు వార్త వినగానే వాడు ముందు మీట నొక్కును. మన ప్రతిజ్ఞ వానికి ఆలోచించుటకు కొంత వ్యవధి నిచ్చును. ఆ వ్యవధి వలన బ్రతుకునది మనమే.

అయితే ఈ ప్రతిజ్ఞ నిలుపుకొనుటకు బలము కావలెను. మొదటి దెబ్బ తిని కూడ తిరిగి కొట్టగల శక్తి యున్నప్పుడే దానిని లోకము నమ్మును. అందు కొరకే 2009 జూలై 26న విశాఖపట్టణములో అరిహంత్ యను అణు జలాంతర్గామి నీటిలోనికి దింపబడెను. సముద్రగర్భమున నున్నదానిని వెదకి పట్టి మొదటి దెబ్బతో నాశనము చేయుట దుస్సాధ్యము. ఓరిమికి కూడ ఇట్టి ఆధారము అవసరము.

బాంబుతో తీరని పనులు

అణుబాంబు వలన అన్ని బాధలు తీరునని భ్రమపడరాదు. 1998లో ఇరుపక్షములకును బాంబు వచ్చెను. మరుసటి యేడే, 1999 మే నెలలో కార్గిల్ యుద్ధము మొదలయ్యెను. మన సైనికులు 527 మంది ప్రాణములర్పించిరి. కొండలపై చొరబడినవారిని వెడలగొట్టినది బాంబు కాదు, మన పదాతులును, ఫిరంగులును, విమానములును. నియంత్రణరేఖను దాటవలదని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. ఆ కట్టడి వలన ప్రాణనష్టము పెరిగెనేమో కాని, యుద్ధము పెరుగలేదు. లోకము మన పక్షమున నిలిచెను.

2008లో ముంబయిపై దాడి జరిగెను. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో ఇరువది ఆరుగురు హతులైరి. మే 7న మన సేనలు ఉగ్రవాదుల స్థావరములపై దాడి చేసెను. నాలుగు దినములు క్షిపణులును, డ్రోనులును ఇరువైపుల నుండి ఎగిరెను. మే 10న పాకిస్తాను సైనిక కార్యకలాపముల అధిపతి మన అధిపతికి టెలిఫోను చేయగా, ఆ సాయంకాలము అయిదు గంటల నుండి కాల్పులు మానుటకు అంగీకారము కుదిరెను. దీనిని బట్టి ఏమి తెలియుచున్నది? వైరి అణ్వాయుధము చూపి నిరంతరము దొంగదెబ్బ తీయుచుండగా ఊరకుండుట తగదు. బదులు చెప్పవలెను. కాని ఎంత చెప్పవలెనో, ఎక్కడ ఆగవలెనో ముందే నిర్ణయించుకొని చెప్పవలెను. ఆగుటకు తోవ నిచ్చిన దేమి? ఒక టెలిఫోను తీగ.

ఆ తీగను ఎన్నడును తెంపరాదు. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల విషయమై అమెరికా, రష్యాలు పదుమూడు దినములు ప్రళయపు అంచున నిలిచెను. ఆపద తొలగిన పిమ్మట ఆ రెండు రాజధానుల నడుమ 1963లో వారు నేరు వార్తాసంబంధము ఏర్పరచుకొనిరి. మనకును పాకిస్తానుకును 1988 డిసెంబరు 31న ఒక ఒడంబడిక కుదిరెను. ఒకరి అణు కేంద్రములపై మరియొకరు దాడి చేయరాదు. ఆ కేంద్రముల పట్టికలను ఏటేట జనవరి 1న పరస్పరము ఇచ్చుకొనవలెను. 1992లో మొదలైన ఈ ఆచారము, పార్లమెంటుపై దాడి జరిగి సేనలు సరిహద్దున మోహరించిన 2002 నూతన సంవత్సరము నాడును ఆగలేదు. క్షిపణి పరీక్షలకు ముందు తెలియజేసికొను ఒప్పందము 2005లో కుదిరెను.

ఇవి కాగితములు కదా యని తీసివేయరాదు. 2022 మార్చి 9న మన క్షిపణి యొకటి పొరపాటున ఎగిరి పాకిస్తాను భూభాగములో పడెను. అదృష్టవశమున ప్రాణహాని కలుగలేదు. మన ప్రభుత్వము పొరపాటు నొప్పుకొని, విచారించి, ముగ్గురు అధికారులను కొలువునుండి తొలగించెను. ఆ దినము అవతలివారు పగతో మాత్రమే ఆలోచించి యుండినచో ఏమై యుండెడిదో ఊహింపుడు. పగవానితో సైతము మాటలాడుట మెతకతనము కాదు. ఊరిలో చేనిగట్టు తగవున్న ఇద్దరును, గడ్డివామికి నిప్పంటుకొన్నప్పుడు ఒకరినొకరు కేకవేసి పిలుచుకొనరా?

ఇంటిలోని రక్షణ

చివరగా, మన చేతులలోనే యున్న పనిని గూర్చి చెప్పెదను. 2025 మే 7న దేశమంతటను పౌరరక్షణ అభ్యాసము జరిగెను. హైదరాబాదులో ఈ కంచన్‌బాగ్‌లోను, గోల్కొండలోను, సికింద్రాబాదులోను, మౌలాలీలోను సైరనులు మ్రోగెను. కంచన్‌బాగ్ చుట్టును నివసించువారిలో హిందువులును, ముస్లిములును కలరు. క్షిపణికి గురిగా ఏ శత్రువైనను ఎంచుకొనదగిన తావు ప్రక్కననే వారందరును కలసి బ్రతుకుచున్నారు. బాంబు పడినచో మతము నడిగి పడదు.

అయినను వైరము ముదిరినప్పుడెల్ల, వైరిరాజ్యముపై కోపమును పొరుగింటివానిపై చూపుటకు కొందరు సిద్ధపడుదురు. నగరములో కరాచీ బేకరీ యని పేరుగన్న దుకాణము కలదు. దేశవిభజన నాడు సింధునుండి కట్టుబట్టలతో వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద దానిని స్థాపించెను. విడిచివచ్చిన ఊరి పేరు పెట్టుకొనెను. 2025 మే నెలలో పేరు మార్చవలెనని కొందరు దాని శాఖయొకదానిపై దాడి చేసిరి. విభజన వలన సర్వము కోల్పోయిన కుటుంబముపైననే ఆ కోపము పడెను. ఇది దేశభక్తి యగునా? శత్రురాజ్యము లక్షలు వెచ్చించియు చేయలేని పనిని, అనగా మనలో మనకు చీలికను, ఇట్టి పనులు ఉచితముగా చేసిపెట్టును.

పల్లెలలో మీరు చేయదగిన పనులు గలవు. చేతిలోని ఫోనునకు వచ్చిన ప్రతి యుద్ధవార్తను నమ్మి ఇతరులకు పంపకుడు. ఆ మే నెలలో పాతవియు, కల్పితములునైన దృశ్యములు వేలుగా వ్యాపించెను. ఆకాశవాణి, జిల్లా అధికారులు చెప్పు మాట వరకు ఆగుడు. పంచాయతీకి పదిమంది యువతీయువకులకు ప్రథమ చికిత్స, అగ్నిమాపకము, గాయపడినవారిని మోయుట నేర్పింపుడు. ఇవి యుద్ధము రాకున్నను తుపానులో, వరదలో, వడదెబ్బలో పనికివచ్చును. ఊరిలో భిన్నమతస్థుల ఇండ్లు రెండో మూడో యున్నచో, ఉద్రిక్త దినములలో పెద్దలు ఆ ఇండ్లకు స్వయముగా పోయి ఒక మాట పలుకరించి రండు. సైన్యములో పనిచేయువారి తల్లిదండ్రుల పొలము పని ఆగకుండ చూడుడు.

సోదర సోదరీమణులారా, నిజాము అలీఖాను పిరికివాడు కాదు, తెలివిలేనివాడును కాదు. తన బలమును ఇంకొకరి చేతిలో పెట్టినందున ఆయన తరువాతివారు నూట యేబదేండ్లు దాని ఫలితమనుభవించిరి. మన తరమువారు ఆ తప్పు చేయలేదు. ఆయుధము మనది, అన్నము మనది, నిర్ణయము మనది. ఇక దానిని ఓర్పుతో కాపాడుట, వైరితో సైతము మాటకు చోటుంచుట, ఇంటిలో పొరుగువానిని నమ్ముట మిగిలి యున్నవి. వీనిలో చివరిది ఏ ప్రయోగశాలయును చేసి ఇయ్యలేనిది. మీరు ఊరు చేరి ఆ పని సాగింతురని నమ్ముచున్నాను.

జై హింద్.